సూది లేని సెలైన్

సూర్యాపేటలో విలేకరిగా ఉన్న రోజుల్లో నేను రాసిన ఒక వార్తలో మూడు వాక్యాలు లేవు. ప్లాస్టర్ అంటించమని అడిగింది నేనేనన్న వాక్యం లేదు. నేను రోగిలా నటించలేదు, నిజంగానే రోగినన్న వాక్యం లేదు. నాకు నయమైందన్న వాక్యం లేదు. ఈ మూడూ రాసి ఉంటే అది వార్త అయ్యేదే కాదు. రాయలేదు కాబట్టి ఫొటోతో సహా జిల్లా పేజీలో పైన వచ్చింది.

ఆ వార్త ఎవరి మీద రాశానో ఆమె కోదాడలో కన్నుమూసిందని ఈ మధ్యే ఫోన్ వచ్చింది. "నేనుండగా నా గురించి రాయకు. పోయాక రాసుకో. పేరు మాత్రం వద్దు, మళ్ళీ బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకుని జనం వచ్చేస్తారు" అని ఆమె నాతో ఒకసారి అంది. బ్రెడ్డు సంగతి చెబుతాను. పేరు చెప్పను.

ఆమె నర్సు. ఒక పెద్దాసుపత్రిలో కాలిన గాయాల వార్డులో చాలా ఏళ్ళు పనిచేసింది. గాయం మానిపోయి ఇంటికి వెళ్ళినవాళ్ళు పొయ్యి వెలిగించలేక, అగ్గిపుల్ల గీసిన చప్పుడుకే వణికిపోతూ తిరిగి రావడం చూసి, ఉద్యోగం వదిలేసింది. హైదరాబాదులో ఒక మానసిక వైద్యుడి దగ్గర ఉండి ఈ పని నేర్చుకుంది. ఆ తర్వాత సూర్యాపేటలో రెండు గదులు కిరాయికి తీసుకుని బోర్డు పెట్టింది: "దుఃఖానికి, భయానికి చికిత్స. ఐదు రోజుల కోర్సు. రోజుకు మూడు పూటలు."

బోర్డు చూసి జనం తలుపు తట్టి, మాత్రలు తినకముందు వేసుకోవాల్నా తిన్నంక వేసుకోవాల్నా అని అడిగేవాళ్ళు.

"మాత్రలు లేవు. మాట్లాడాలి" అనేది ఆమె.

"మాట్లాడనీకె మా ఇంట్ల జాగ లేదా?" అని వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు.

ఆమెకు సర్టిఫికెట్ ఉంది. అద్దం కట్టించింది కూడా. కానీ ఆ గదిలో గోడకు ఒకటే మేకు. దానికి ఎరువుల దుకాణం వాళ్ళిచ్చిన క్యాలెండర్ వేలాడేది. సర్టిఫికెట్‌ను తలుపు వెనక తగిలించింది. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది కాబట్టి దాన్ని ఎవరూ చూడలేదు. అడిగితే, "క్యాలెండర్ రోజూ చూడాలి. సర్టిఫికెట్ రోజూ ఎందుకు?" అనేది. డాక్టరమ్మా అని పిలిస్తే అక్కడికక్కడే సరిదిద్దేది. మందులు అవసరమని తోచినవాళ్ళను చీటీ రాసి హైదరాబాదు పంపేది. ఆ చీటీలు నేను చూశాను. వార్తలో వాటి ప్రస్తావన కూడా లేదు. అంటే లేని వాక్యాలు నాలుగు.

ఆమె పద్ధతి చెప్పడానికి చాలా తేలిక. మంచం మీద పడుకోవాలి. కళ్ళు మూసుకోవాలి. ఏ రోజు మన ప్రాణం అక్కడే ఆగిపోయిందో ఆ రోజును మొదటినుంచి చివరిదాకా చెప్పాలి. ఎప్పుడో జరిగినట్టు కాదు, ఇప్పుడే కళ్ళముందు జరుగుతున్నట్టు. గంటన్నర. మళ్ళీ మధ్యాహ్నం అదే కథ. సాయంత్రం అదే కథ. ఐదు రోజులు. వారానికొకసారి చొప్పున నెలల తరబడి చేసే వైద్యాన్ని ఇలా ఐదు రోజుల్లోకి ఎందుకు కుదించావని ఒకసారి అడిగాను.

"వారం వారం రమ్మంటే ఎవరొస్తారు తమ్ముడూ? నాట్లొస్తాయి, కోతలొస్తాయి, పెళ్ళిళ్ళొస్తాయి. ఐదు రోజులంటే జ్వరానికి పడుకున్నట్టు పడుకుంటారు" అంది.

గంటన్నర లెక్కకు ఆమె గడియారం పెట్టలేదు. గడియారం చూసి జనం తొందరపడతారట. ఒక ఇనప స్టాండుకు పాత సెలైన్ బాటిల్ కట్టి, అందులో మంచినీళ్ళు పోసి, చుక్క చుక్కగా కింది బకెట్లో పడేట్టు తిప్పేది. బాటిల్ ఖాళీ అయితే పూట అయిపోయినట్టు. బకెట్లో నీళ్ళు గుమ్మం ముందున్న కరివేపాకు మొక్కకు పోసేది. ఎంతమంది ఏడ్చినా ఆ మొక్క మాత్రం ఏపుగా పెరిగింది.

వింటున్నంతసేపూ పల్లీలు ఒలిచేది. మనం లోపల ముక్కలైపోతూ చెబుతుంటే పక్కన టప్, టప్ మని కాయలు పగిలేవి. మొదట్లో నాకు ఒళ్ళు మండింది. తర్వాత అర్థమైంది. చెప్పేవాడు దేన్నయినా దాటేస్తే ఆ చప్పుడు ఆగిపోయేది. ఆమె ఏమీ అనేది కాదు. చెయ్యి ఆగేది, అంతే. ఏడిస్తే ఓదార్చేది కాదు. రుమాలు కాదు, స్నానం తువ్వాలు ఇచ్చేది. మధ్యమధ్యలో ఒకటే ప్రశ్న అడిగేది: "ఇప్పుడు కాళ్ళకేముంది?" మనిషి ముఖం గురించి అబద్ధం చెప్పగలడు గానీ కాళ్ళ గురించి ముందే అబద్ధం తయారు చేసుకుని రాడని ఆమె నమ్మకం.

నా రోగం ఏమిటంటే, కుళాయి.

మాది త్రిపురారం దగ్గర పల్లె. గొర్రెలున్న ఇల్లు. ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను కాలువలో కడుగుతాం. రెండు వేల ఒకటిలో అలా కడగడానికి నేనూ మా తమ్ముడూ మందను తోలుకుని వెళ్ళాం. ఒక గొర్రెపిల్ల జారి నీళ్ళలో పడితే దాని కోసం తమ్ముడు దిగాడు. పిల్ల గట్టెక్కింది. తమ్ముడు ఎక్కలేదు. నేను దూకాననీ, చెయ్యి అందినట్టే అంది జారిపోయిందనీ ఇంటికొచ్చి చెప్పాను. తల నుంచి నీళ్ళు కారుతున్న మనిషిని ఎవరూ ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాత విచిత్రంగా నాకు కాలువంటే ఏమీ కాలేదు. బస్సులో కాలువ వంతెన దాటుతూ కునుకు తీసేవాణ్ణి. కుళాయి తిప్పితే మాత్రం, ధారగా నీళ్ళు పడుతున్న చప్పుడు వింటే మాత్రం, ఎక్కడున్నా "తమ్మీ!" అని అరిచేవాణ్ణి. అరిచానని నాకు అరిచాకే తెలిసేది. పెళ్ళయ్యాక నా భార్య ఇంట్లో కుళాయిలన్నిటికీ గుడ్డలు కట్టింది. నేను వీధిలో నిలబడితే ఆమె బకెట్ నింపి, నింపానని కేకేశాక నేను లోపలికి వెళ్ళి స్నానం చేసేవాణ్ణి. హోటళ్ళలో చెయ్యి కడుక్కోకుండా బయటికొచ్చేవాణ్ణి. పనికి ఆటంకం లేదు కాబట్టి ఐదేళ్ళు అలాగే గడిపాం.

ఒకరోజు సూర్యాపేటలో ఒక వాడకు కొత్త నీళ్ళ ట్యాంకు కడితే, దాని ప్రారంభోత్సవం రాయడానికి వెళ్ళాను. రిబ్బన్ కత్తిరించడమే అనుకున్నాను. వచ్చిన నాయకుడు వంగి కుళాయి తిప్పాడు. ధార పడింది. నేను "తమ్మీ!" అని గొంతు చించుకుని అరిచాను. వెనకున్న కార్యకర్తలు అలవాటు కొద్దీ "జిందాబాద్!" అన్నారు. ధార ఆగలేదు. నేను మళ్ళీ అరిచాను. వాళ్ళు మళ్ళీ జిందాబాద్ అన్నారు. ఇలా నాలుగైదు సార్లు అయింది. నాయకుడు నా వైపు చెయ్యి ఊపాడు.

ఆ వాడలోనే ఆమె గదులు. బిందె పట్టుకుని వరుసలో నిలబడిన ఆమె ఒక్కతే నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి కుళాయి వైపు, నా వైపు చూసి అడిగింది.

"ఎన్నేళ్ళయింది?"

"ఏంది?"

"తమ్ముడు పోయి."

మర్నాడు మంచం మీద పడుకున్నాను. పక్కనే చుక్కలు పడే బాటిల్. చుక్కకు నేను అరవలేదు. "ధార దగ్గరికి వెళ్ళాలంటే చుక్క దగ్గర మొదలుపెట్టాలి" అంది. అదీ వైద్యంలో భాగమేనని అప్పుడు తెలియలేదు.

మొదటి పూటకే ఇబ్బంది వచ్చింది. హాలియా దగ్గర ఊరి నుంచి మా మేనమామ దిగాడు. అల్లుణ్ణి దవాఖానలో చేర్చారని విన్నాడట. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్. మా దిక్కున బ్రెడ్డు ప్యాకెట్ లేకుండా రోగిని చూడరు. మామ మంచం చుట్టూ తిరిగాడు. బాటిల్ చూశాడు. పైపు చూశాడు. పైపు వెళ్ళి బకెట్లో ఉంది.

"ఏందమ్మా ఇది? గ్లూకోజు బకెట్‌కెక్కిస్తున్నవా?"

"అది గడియారం" అంది ఆమె.

మామ బ్రెడ్డు నాకు ఇవ్వాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. రేపట్నుంచి ఇంకా చుట్టాలు వస్తారు. సూది లేదు, మందు లేదు, పడుకుని ఏడుస్తున్నాడని ఊరంతా చెప్పుకుంటారు.

"మేడం, జర గా పైపు నా చేతి మీదికెల్లి తీస్కపోయి ప్లాస్టర్ వెయ్యున్రి. సూది వద్దు. ప్లాస్టర్ చాలు."

"ఎందుకయ్యా, అబద్ధం కదా?"

"అబద్ధం కాదు మేడం, మర్యాద."

ఆమె కాసేపు ఆలోచించి ప్లాస్టర్ వేసింది. "ఇందులో సూది లేదు, మందు లేదు" అని మామకు కూడా పైకే చెప్పింది. మామ నా మణికట్టు మీద తెల్ల ప్లాస్టర్ చూసి, తృప్తిగా తలూపి, బ్రెడ్డు ప్యాకెట్ నా దిండు పక్కన పెట్టాడు. నన్ను చూసి తర్వాతి రోగి అడిగింది, ఆమెను చూసి ఇంకొకరు. నెలలోపు ప్లాస్టర్ లేకుండా అక్కడ ఎవరూ నోరు విప్పడం లేదు. చుట్టాలు బ్రెడ్డుతో వచ్చి, కూర్చుని, కథలు విని, వాళ్ళూ ఏడ్చి, "మంచిగ ఎక్కుతున్నది బాటిల్" అని మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు.

మామ మాత్రం వెళ్ళలేదు. ఐదు రోజులూ కూర్చున్నాడు. నేను చెప్పే కథలో తప్పులు దిద్దేవాడు.

"తమ్మి ఎర్ర అంగి వేసుకున్నడు..." అంటాను.

"ఎర్రది కాదు అల్లుడా, నీలిది. నేనే కొనిచ్చిన."

"నీలి అంగి వేసుకున్నడు. పిల్ల జారింది. తమ్మి దిగుతున్నడు. నేను దుంకుతున్న..."

అక్కడ పల్లీల చప్పుడు ఆగేది. మొదటి రోజు మూడు పూటలూ అక్కడే ఆగింది. రెండో రోజూ అక్కడే. మూడో రోజు నేను ఆ చోటును గబగబా దాటడానికి ప్రయత్నించాను. అయినా ఆగింది. నాకు పిచ్చి కోపం వచ్చింది. "పల్లీలు ఒలువున్రి మేడం!" అని అరిచాను.

నాలుగో రోజు పొద్దున ఆమె మొదటిసారి అక్కడ ఆ ప్రశ్న అడిగింది.

"గట్టు మీద నిలబడ్డావు. కాళ్ళకేముంది?"

"చెప్పులు. హవాయి చెప్పులు."

"నీళ్ళలోకి దూకావు. ఇప్పుడు కాళ్ళకేముంది?"

నోరు తెరిచాను. చెప్పులున్నాయనాలో, కొట్టుకుపోయాయనాలో, బురద తగిలిందనాలో ఏమీ తెలియలేదు. ఎందుకంటే ఆ కాళ్ళు ఆ రోజు నీళ్ళలోనే లేవు.

అప్పుడు చెప్పాను. నాకు ఈత రాదు. దూకలేదు. గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తాను. తమ్ముడి తల కనిపించకుండా పోయాక ఊరివైపు నడిచాను. దారిలో ఒక పొలంలో మోటారు నడుస్తోంది. పైపులోంచి ధారగా నీళ్ళు పడుతున్నాయి. పొడి బట్టలతో ఇంటికెళితే అమ్మ ఏమంటుందో అని, ఆ ధార కింద వంగి తల తడుపుకున్నాను. అంగి తడుపుకున్నాను. తడుపుకుంటూ "తమ్మీ" అని అరవడం అభ్యాసం చేసుకున్నాను.

నేను కళ్ళు తెరవలేదు. మామ అక్కడే ఉన్నాడని తెలుసు.

మామ గొంతు వినిపించింది.

"నాకెరికే అల్లుడా. ఆ దినం పొద్దుగూకాల్నే ఎరికైంది. నీ లాగు ఎన్క జేబుల అగ్గిపెట్టె తీసి నేను బీడీ ముట్టిచ్చిన. ఒక్క పుల్లకే అంటుకున్నది."

నర్సమ్మ అడిగింది: "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా మరి?"

"అడిగితే అగ్గిపెట్టె గురించి ఇంకో అబద్ధం చెప్తడని."

నేను ఎప్పుడు ఏడుపులోకి, ఎప్పుడు నవ్వులోకి వెళ్ళానో నాకు తెలియదు. తువ్వాలు చాలలేదు. ఆమె దుప్పటి కూడా ఇచ్చింది.

"ఈత వచ్చా నీకు?" అని అడిగింది చివరికి.

"రాదు."

"మరి?" అంది. ఆ ఒక్క మాటే. తర్వాత పల్లీల గిన్నె ఒళ్ళోకి లాక్కుని, "బాటిల్ ఇంకా సగముంది. మళ్ళీ మొదట్నుంచి చెప్పు తమ్ముడూ" అంది.

ఐదో రోజు నన్ను వీధి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, తిప్పి వదిలేసి, టీ తాగడానికి వెళ్ళిపోయింది. ధార పడుతూనే ఉంది. నోరు తెరుచుకుంది, అరుపు రాలేదు. వెనక బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు "జరుగయ్యా, నీళ్ళు వట్టిగ పోతున్నయి" అని తిడుతున్నారు. నేను వంగి బకెట్ నింపుకున్నాను. ఆ రోజు ఆమె రిజిస్టర్లో నా పేరు ఎదురుగా ఒక మాట రాసుకుంది: "స్వయంగా నీళ్ళు పట్టుకున్నాడు."

ఇంతవరకూ చెప్పడం సులువే. ఇక్కడినుంచి కష్టం.

మరుసటేడు నన్ను మా పత్రికలో పూర్తికాలం ఉద్యోగంలోకి తీసుకోవాలని మాట నడుస్తోంది. బస్టాండు దగ్గర టీ కొట్టులో మేం విలేకరులం రోజూ కలిసేవాళ్ళం. అక్కడ వేరే పత్రిక అతను అందరిముందూ అడిగాడు.

"ఏం అన్నా, మెంటల్ నర్సు కాడ బాటిల్ ఎక్కిచ్చుకున్నవట గద? ఎన్ని బాటిళ్ళకు తలకాయ కుదిరింది?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే, ఒక్క శ్వాసలో, "స్టోరీ కోసం పోయిన బై" అన్నాను.

"ఏం స్టోరీ?"

"రేపు పేపర్ల చూడు."

టీ గ్లాసు కింద పెట్టేసరికి నాకు స్టోరీ లేదు. సాయంత్రానికి ఉంది. "సూది లేని సెలైన్!" అని శీర్షిక. "రోగిగా నటించి గుట్టు బయటపెట్టిన మా విలేకరి" అని కింద ఇంకో లైను. చేతికి ప్లాస్టర్ ఎలా వేస్తారో, పైపు మంచం కింది బకెట్లోకి ఎలా వెళుతుందో ఎంతో వివరంగా రాశాను. అంత వివరం ఇంకెవరూ రాయలేరు.

రెండు రోజులకు అధికారులు ఇద్దరు వచ్చారు. నేను కెమెరాతో వెళ్ళాను. గదిలో వాడపల్లి వైపు నుంచి వచ్చిన ఒక తల్లి పడుకుని ఉంది. కూతురు పాము కరిచి పోయింది ఆమెకు. మూడో రోజు కోర్సు నడుస్తోంది.

"ఇందులో సూది లేదా?" అన్నాడు ఒక అధికారి.

"లేదు. ప్రతి ఒక్కరికీ ముందే చెబుతాను."

"సూది లేకుంటే మోసం కదమ్మా!"

"ఉంటే?"

"ఉంటే డాక్టర్ కాకుండ సూది ఎట్లేస్తవ్? అది ఇంకా పెద్ద కేసు."

రిజిస్టర్ చూపించమన్నారు. ఆమె రిజిస్టర్ తీసి కుర్చీలో పెట్టి దాని మీద కూర్చుంది. "పేషెంట్ల పేర్లు చూపించను. కావాలంటే నన్ను రాసుకోండి" అంది. ఆ రిజిస్టర్ తెరిస్తే నా పేరుంది. ఐదు రోజుల వివరాలున్నాయి. నటించినవాడి గురించి "స్వయంగా నీళ్ళు పట్టుకున్నాడు" అని రాసుకోరని చూపించడానికి ఒక్క పేజీ చాలు. ఆమె లేవలేదు. ఆమె కూర్చున్న చోటే నా అబద్ధం భద్రంగా ఉండిపోయింది.

స్టాండు పట్టుకుపోయారు. గదికి తాళం వేశారు. నేను ఫొటో తీశాను. ఆమె నా ముఖం చూడలేదు. నా కాళ్ళ వైపు చూసింది.

వార్త మామకు ఎవరో చదివి వినిపించారు. హాలియా నుంచి ఫోన్ చేశాడు.

"మల్ల అంగి తడుపుకున్నవారా అల్లుడా?" అన్నాడు. పెట్టేశాడు. ఆ తర్వాత ఏడేళ్ళు నాతో మాట్లాడలేదు. నాకు ఉద్యోగం వచ్చింది.

రెండు వేల పధ్నాలుగులో నాకు డెంగ్యూ వచ్చింది. అప్పటికి మిర్యాలగూడకు బదిలీ అయ్యాను. అక్కడ ఒక దవాఖానలో చేర్చి సెలైన్ పెట్టారు. ఈసారి సూదితో. నర్సు ప్లాస్టర్ అంటించి వెళ్ళింది. బాటిల్లో చుక్క పడింది. నా కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. నోరు దానంతటదే తెరుచుకుంది.

"పొద్దున ఎనిమిదైతున్నది. నేనూ తమ్మీ గొర్లను తోలుకొని పోతున్నం..." అని మొదలుపెట్టాను. ఆపుదామంటే ఆగదు. బాటిల్ వేలాడుతుంటే కథ చెప్పడం ఒంటికి అలవాటైపోయింది. మోటారు ధార దగ్గరికి వచ్చేసరికి పక్క మంచం పేషెంట్ బ్రెడ్డు నమలడం మానేశాడు. బాటిల్ అయిపోయింది, నేను ఆగాను. ఎవరో అన్నారు: "ఇంకో బాటిల్ ఎప్పుడు పెడ్తరు?"

పక్క మంచానికి తోడుగా ఉన్న ఆడమనిషి నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా, నువ్వు గిప్పుడు కోదాడల ఉండే నర్సమ్మ కాడ కోర్సు చేసినవు గదా?"

ఆమే. వాడపల్లి తల్లి. నన్ను గుర్తుపట్టలేదు. ఆ రోజు కళ్ళు మూసుకుని ఉంది కదా.

"నాది సగంల ఆగిపోయిందన్నా. మూడో దినం నా బిడ్డ పేరు నోట్లెకు వచ్చింది. వచ్చినంక తలుపుకు తాళమేసిన్రు. ఇంటికిపోయినంక ఇంకా అధ్వానం అయింది. అన్నం ముద్ద దిగకపాయె. నర్సమ్మ మా ఊరు ఎతుక్కుంట వచ్చింది. ఇంట్ల చెప్పనీకె మా అత్త పడనియ్యలే. గదులు లేవాయె. ఇగ మిర్యాలగూడెంల కోదాడ బస్సెక్కిచ్చింది. సామాన్లు పెట్టే రాడ్డుకు బాటిల్ కట్టింది. కోదాడ పోయెదాంక ఒకపాలి చెప్పిన, వచ్చెటప్పుడు ఒకపాలి చెప్పిన. మల్ల పోయిన. రెండు దినాలు గట్లనే."

"బస్సులోనా? అందరి ముందా?"

"అందరు విన్నరు. కండక్టరైతే టికెట్లు కొట్టుడు మర్చిపోయి కూసున్నడు. దిగేటోళ్ళు దిగకుండ ముందటి స్టేజీదాంక వచ్చిన్రు. రెండో దినం నా బిడ్డ పేరు వెట్టి పిల్చి ఏడ్చిన. బస్సంత ఏడ్చింది." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది. "అంత మంచి మనిషిని ఆగం చేసిండు ఆ పేపరోడు. వాని చేతులు పడిపోను."

"ఊ" అన్నాను. సూది ఉన్న చెయ్యి ఆ మాటకు నిజంగానే బరువెక్కింది.

"నేనే" అని చెప్పడానికి నోరు రాలేదు. అప్పటికి బాటిల్ లేదు.

జ్వరం తగ్గాక హాలియాకు ఫోన్ చేశాను. "మామా, కోదాడ పోతున్న. నర్సమ్మ కాడికి" అన్నాను. మర్నాడు కోదాడ బస్టాండులో దిగేసరికి మామ నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్.

"ఇదెందుకు మామా?"

"పేషెంటును చూడనీకె వచ్చిన."

ఆమె ఇంట్లో ఇక్కడా గుమ్మం పక్కన కరివేపాకు చెట్టు మనిషి ఎత్తు దాటి ఉంది. కుర్చీలో కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. మునుపటికంటే సగమైంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నేను నిలబడే గబగబా చెప్పేశాను, తప్పయిపోయింది, వార్త అలా వచ్చేసింది, పరిస్థితులు అలాంటివి, క్షమించండి మేడం.

"ఎన్ని రోజులు సెలవు పెట్టావు తమ్ముడూ?"

"ఇయ్యాల ఒక్కరోజే."

"అయితే టీ తాగి వెళ్ళు. ఇది ఐదు రోజుల పని."

నేను సెలవు పొడిగించాను. నేనూ మామా ఒక లాడ్జిలో దిగాం. ఆమె దగ్గర స్టాండు లేదు. కిటికీ ఊచకు బాటిల్ కట్టింది. ప్లాస్టర్ తీసి నా వైపు చూసింది. వద్దన్నాను.

మొదటి రోజు నేను "వార్త వచ్చింది" అన్నాను. పల్లీల చప్పుడు ఆగింది. "ఎవరు రాస్తున్నారు?" అంది. రెండో రోజు "రాయాల్సి వస్తోంది" అన్నాను. ఆగింది. మూడో రోజు టీ కొట్టు దాకా సరిగ్గానే వెళ్ళాను గానీ, ఎదుటి పత్రిక అతని వెటకారం గురించి మూడు పూటలూ చెప్పి బాటిల్ ఖాళీ చేశాను. మామ బ్రెడ్డు టీలో ముంచుకుంటూ, "ఆయన గురించి ఆయనొచ్చి చెప్పుకుంటడు గాని, నీది చెప్పు" అన్నాడు. నాలుగో రోజు నాకు మాటే రాలేదు. ఆ రోజంతా చుక్కల చప్పుడు విన్నాం.

ఐదో రోజు సాయంత్రం పడుకుని కళ్ళు మూసుకున్నాను.

"టేబుల్ ముందు కూర్చున్నావు. కాళ్ళకేముంది?" అంది.

"బూట్లు. ఉద్యోగం వస్తదని కొత్తగ కొనుక్కున్న బూట్లు. కరుస్తున్నయి. విప్పుదామనుకుంటున్న గాని విప్పుత లేను. నేను రాస్తున్న. రోగిగ నటించి అని రాస్తున్న. నేను నటించలే. ప్లాస్టర్ నేనే అడిగిన. నా తమ్మి పేరు మల్ల మంచిగ పిలిచేటట్టు చేసింది ఈమె. నాకు నయమైంది. అది ఎరికుండి, ఎరికుండే రాస్తున్న. తాళమేసేటప్పుడు గుమ్మంల నిలబడ్డ. ఈమె రిజిస్టర్ మీద కూసున్నది, నా పేరు మీద కూసున్నది. నేను ఫొటో తీస్తున్న. మంచం మీద ఒకామె నోట్లె బిడ్డ పేరున్నది, అది ఆడనే ఆగిపోయింది, ఆపింది నేను. టీ కొట్టుకాడ నలుగురు నవ్వొద్దని చేసిన. ఇంకేం కారణం లేదు. తప్పు నాది. నన్ను క్షమించు అక్కా."

టప్ మని పల్లీకాయ పగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి.

మామ లేచి వచ్చి, నా ఛాతీ మీద చెయ్యి వేసి, అంగిని వేళ్ళతో తడిమి చూశాడు.

"పొడిగనే ఉన్నదమ్మా" అన్నాడు.